గుడి తాళం నా దగ్గరే ఉంది

12 జనవరి 2025, ఆదివారం

ఎవరి బదిలీ ఉత్తర్వు వాళ్ళే ఆరాధనలో నిలబడి చదువుకోవాలి. మన డయాసిస్‌లో, అంటే ఈ బిషప్పు కింది సంఘాలన్నిటిలో, ఇదొక పద్ధతి. ఎవడు పెట్టాడో గానీ వాడి నోట్లో మన్ను పడ! మా పాస్టరు సత్యదాసు అయ్యగారు ఈరోజు తనది తానే చదువుకున్నారు. నా వెనక బెంచీల్లో ఆడవాళ్ళు ముక్కులు చీదారు.

ఆయన మా నాచారం గుడికి వచ్చి మూడేళ్ళు కూడా నిండలేదు. ఐదేళ్ళు ఉండనివ్వాలి. ఇంతకీ చేసిన తప్పేమిటయ్యా అంటే, డయాసిస్ కౌన్సిల్‌లో లేచి, పాస్టర్లను ఇష్టమొచ్చినట్టు ఎందుకు తిప్పుతున్నారని బిషప్పును నిలదీశారు. అడిగిన నెలకే ఆయన్నే తిప్పేశారు.

ఆ బిషప్పు పేరు ఈ డైరీలో రాయను. ప్రతి ఆదివారం ప్రార్థనలో ఎలాగూ పలకాల్సి వస్తోంది. నా ఇంట్లో, నా పుస్తకంలో కూడానా?

ఇంకో ఉత్తర్వు కూడా చదివారు. మేము ఎన్నుకున్న పాస్టరేట్ కమిటీ రద్దట. దాని బదులు బిషప్పు వేసిన అడ్‌హాక్ కమిటీ అట. సెక్రటరీగా నా స్థానంలో మా ఆడబిడ్డ పద్మశ్రీ అట. దాంతో నాకు పని లేదు. పదవి ఉంటే ఒక చాకిరీ, ఊడితే ఒక సుఖం. నా బాధంతా అయ్యగారి గురించే.

15 జనవరి

పద్మశ్రీ ఫోన్ చేసింది. "వదినా, సంఘం సీలు ఎప్పుడిస్తవ్?" అంది. పలకరింపు లేదు, ఏమీ లేదు.

"నేను సచ్చినంక వచ్చి తీస్కపో," అన్నాను.

పదవి గురించి కాదు. అడగడానికి ఒక పద్ధతి ఉంటుంది కదా.

19 జనవరి, ఆదివారం

పొద్దున్నే గుడి గేటుకు తాళం వేశాను. శుక్రవారమే ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర కొని పెట్టుకున్నాను. మంచి బరువైన తాళం. మనవాళ్ళంతా నా వెనక నిలబడ్డారు. మా ఆయన కూడా నిలబడ్డారు గానీ, బస్సు కోసం నిలబడ్డవాడిలా ఎటో చూస్తూ.

కొత్త పాస్టరు రంజిత్ స్కూటీ మీద వచ్చాడు. తెల్ల అంగీ మడతపెట్టి సంచిలో తెచ్చుకున్నాడు. బిషప్పు తానా అంటే తందానా అనే రకమని మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"వందనాలు టీచర్," అన్నాడు నవ్వుతూ.

"నీ వందనాలు నీ బిషప్పుకు వెట్టుకో. ఈ గేటు దాటనియ్య."

"నేనొచ్చింది బిషప్ గారి కోసం గాదు టీచర్. ఆరాధన చేద్దామని వచ్చిన."

"ఆరాధన చెయ్యనీకి మాకు అయ్యగారున్నరు. నువ్వు వచ్చిన తొవ్వనే పో."

పద్మశ్రీ ముందుకు దూకింది. "ఏంది వదినా నీ లొల్లి? గుడి నీ పుట్టింటోళ్ళదా?"

"ఔ, పుట్టింటోళ్ళదే. మా నాయన ఇటుక మోసి కట్టిండు. మీ నాయన గప్పుడు ఊర్ల కల్లు దాగుతుండె."

అనేశాక గుర్తొచ్చింది, వాళ్ళ నాయనంటే మా మామయ్యే. మా ఆయన పక్కనే ఉన్నారు. పాపం, తల వంచుకున్నారు. నోరు జారింది, నిజమే. అబద్ధం మాత్రం కాదు.

"మేం లోపలికి పోవద్దంటే మీరు గూడ పోవద్దు," అని పద్మశ్రీ ఇంకో తాళం తెప్పించి నా తాళం పక్కనే వేయించింది. పోలీసులు వచ్చారు. వాళ్ళ పెద్దాయన రెండు తాళాలనూ చేత్తో ఎత్తి చూసి, "ఇది నాతోని అయ్యేది గాదు, మీ దేవున్నే పంచాయితికి పిలుసుకోన్రి," అని జీపెక్కి వెళ్ళిపోయాడు.

21 జనవరి

టీచరుగా రిటైరై ఇంట్లో కూర్చున్నదాన్ని, ఇప్పుడు పోవడానికి గుడి కూడా లేదు. రాసుకుంటాను. సావనీరు వేసిన ప్రతిసారీ సంఘ చరిత్ర అని బిషప్పుల ఫొటోలు వేస్తారు. అసలు చరిత్ర నాకు తెలుసు.

మా నాయన ఆగయ్య సిద్దిపేట దిక్కు నుంచి వచ్చి నాచారంలో ఫ్యాక్టరీ పనిలో చేరాడు. బాప్తిస్మంలో అబ్రాహాము అని పేరు పెట్టారు గానీ, మిషన్ దొరలు తప్ప ఎవరూ అలా పిలవలేదు. అప్పటికి ఇక్కడ గుడి లేదు. ఆదివారం లాలాపేట దాకా నడిచి పోయేవాళ్ళు. అక్కడ రైల్వే వాళ్ళు. ఇస్త్రీ బట్టలు, తలకు నూనె. మనవాళ్ళు గ్రీసు మరకలతో పోతే వెనక బెంచీ చూపించేవాళ్ళట. కొన్నాళ్ళు చూసి మా అమ్మ ఈరమ్మ, "ఎన్క కూసునేటందుకు గంత దూరం నడుసుడెందుకు? మన తాన్నే కూసుందాం," అందట. నాచారం సంఘం పుట్టింది ఆ మాటతో. ఏ సావనీరులోనూ ఆ మాట వేయరు.

షిఫ్టు దిగినవాళ్ళు దిగినట్టే వచ్చి గోడలు కట్టారు. శంకుస్థాపనకు వచ్చిన బిషప్పు హబ్సిగూడలో బస్సు దిగి నడిచి వచ్చారు. సిమెంటు బస్తా మీద కూర్చుని టీ తాగారు. నేను పెద్దదాన్నయ్యాక నన్ను ప్రభువు బల్లలో చేర్చే నిర్ధారణ ఇచ్చింది ఆయనే. తల మీద చెయ్యి పెడితే మెడ దాకా బరువు తెలిసింది. తర్వాత వచ్చినాయన కోపిష్టి. ఆయనా బదిలీలు చేశాడు. కానీ ఉత్తర్వు పంపేముందు తానే వచ్చి, కమిటీని కూర్చోబెట్టి, తిట్టి, మా చేత తిట్టించుకుని పోయేవాడు. మూడో ఆయన మంచివాడంటారు. ఏ పనీ చేయలేదు కాబట్టి ఏ తప్పూ దొరకలేదు.

ఇప్పుడు ఈ మహానుభావుడు. ముందొక కారు, వెనకొక కారు, ఛాతీ మీద జానెడు శిలువ. పోయినేడు మా గుడికి వచ్చినప్పుడు బిషప్పు కుర్చీలో మెత్త లేదని మొహం మాడ్చుకున్నాడు. కౌన్సిల్‌లో మేము ఓట్లు వేసి పంపిన పేర్లలోంచే పై సభ, సినడ్, ఈయన్ని ఎంచింది. నేనూ వేశాను. అప్పుడు చేతులు కట్టుకుని "అమ్మా, మీరు పెద్దోళ్ళు" అని తిరిగేవాడు. అందరికీ అలాగే కనిపించాడు. నా ఒక్కదాని ఓటుతో గెలవలేదు కదా.

26 జనవరి, ఆదివారం

గుడి సందులోనే హన్మయ్య పటేల్ ఖాళీ జాగా ఉంది. వాళ్ళు ఈ ఊరి పాతకాపులు. అడగగానే ఇచ్చాడు. షామియానా వేసి, సత్యదాసు అయ్యగారి చేత ఆరాధన చేయించాం. అవతల రంజిత్ గుడి గేటు ముందు పది పదిహేను మందిని రోడ్డు మీద కూర్చోబెట్టుకుని పాడించాడు. వాళ్ళ పాట మాకు, మా పాట వాళ్ళకు. మేమే గట్టిగా పాడాం.

హన్మయ్య అరుగు మీద కూర్చుని అంతా చూశాడు. అయిపోయాక, "టీచరమ్మా, మాకంటే వెయ్యి మంది దేవుళ్ళు. మీకొక్కడే గదా, రెండు తాళాలు ఎందుకైనయ్?" అన్నాడు. నవ్వేసి వచ్చాను. ఒళ్ళు మండింది.

ఈరోజే మా అమ్మాయి ప్రవీణ పెండ్లి మొదటి ప్రకటన. అయ్యగారు ఎంత చక్కగా చదివారో! "లాలాపేట సంఘ సభ్యుడు ధర్మేందర్‌కును, నాచారం సంఘ సభ్యురాలు ప్రవీణకును పరిశుద్ధ వివాహము జరుగనైయున్నది. వీరు ఏకము కాకూడని న్యాయమైన ఆటంకము ఎవరికైనను తెలిసినయెడల ఇప్పుడే తెలియజేయవలెను." ఎవరూ కిక్కురుమనలేదు. ఇంకో రెండు ఆదివారాలు ఇలాగే చదివితే అయిపోతుంది. ఫిబ్రవరి 27న పెండ్లి.

ప్రవీణ తలమీద కొంగు సర్దుకుంటూ సిగ్గుపడింది. హబ్సిగూడ ల్యాబులో పదిమందిని గడగడలాడించే పిల్ల!

2 ఫిబ్రవరి, ఆదివారం

రెండో ప్రకటన అయింది. గాలికి షామియానా గుంజ ఊడింది. పద్మశ్రీ వాళ్ళు నవ్వారు. నవ్వనీ.

9 ఫిబ్రవరి, ఆదివారం

మూడో ప్రకటన కూడా అయింది. అయ్యగారు సర్టిఫికెట్ రాసిచ్చారు. లాలాపేటకు పంపాం.

ఇంటికి వచ్చేటప్పుడు ప్రవీణ అడిగింది, "అమ్మా, పెండ్లి గూడ గా టెంట్ కిందనేనా?"

"థూ, అవేం మాటలే! గప్పటిదాంక ఆ రంజిత్ ఉంటడా? తోక ముడుసుకొని పోతడు. గేటు తీస్త."

"నాకు తాత కట్టిన గుడిలనే గావాలె. సిన్నప్పటిసంది ఆ బలిపీఠం ముంగట ఎవరి పెండ్లి అయినా సూస్కుంట, నాది గూడ ఈన్నే అనుకున్న. ఇంకేం అడగ నిన్ను."

"అయితది బిడ్డా. నేను జెప్తున్న గదా."

మా ఆయన వెనక నడుస్తున్నారు. నోట్లో నాలుక లేని మనిషి. "తారా, మాట ఇయ్యకు," అన్నారు. మనిషికి ధైర్యం తక్కువ, మొదటి నుంచీ అంతే.

17 ఫిబ్రవరి

శారదమ్మ వదిన ఫోన్. పెండ్లికొడుకు తల్లి కదా, పెండ్లి చీరల సంగతి అనుకుని నవ్వుతూ ఎత్తాను.

"వదినా, మా అయ్యగారు మీ సర్టిఫికెట్ చెల్లదంటున్నడు."

"ఎందుకు చెల్లదు?"

"సత్యదాసు అయ్యగారికి జనవరి పంతొమ్మిది నుంచి నాచారం ఛార్జి లేదట గదా. ఛార్జి లేనాయన ఎన్నిసార్లు సదివినా ప్రకటన కిందికి రాదట."

"మూడు సార్లు సంఘమంతా విన్నది!"

"నాకేమెరుక వదినా? ఛార్జి ఉన్నాయనతోని మళ్ల మూడు ఆదివారాలు సదివియ్యుమంటున్నడు."

మూడు ఆదివారాలు ఎక్కడున్నాయి? బూడిద బుధవారం లోపల ఉన్నవి రెండే. అది దాటితే శ్రమల దినాలు, ఈస్టర్ దాకా గుడిలో పెండ్లి చేయరు. ఆ మాటే అన్నాను.

"ఈస్టర్ దాంక మావోళ్ళు ఆగరు వదినా. చర్లపల్లి కొత్త రైలు టేషన్‌ల మావోనికి సెలవు దొరుకుడే కష్టమైంది. సుట్టాలు ఇప్పటికే 'కొట్లాట సంఘం పిల్ల' అంటున్నరు. నేను నోరు మూస్కొని ఇంటున్న. తెల్వక కాదు. బిషప్ గారి లైసెన్స్ ఉంటే ప్రకటనలే అక్కర్లేదట. ఒక్కసారి పోయి అడగరాదు?"

ఒక్కసారి పోయి అడగాలట. ఎవర్ని!

ఛార్జి అనే మాట నా చేత్తో ఎన్ని కమిటీ మినిట్స్‌లో రాశానో! ఛార్జి లేని పాస్టరు పెండ్లి ప్రకటన చదవకూడదని నాకు తెలియదా? ఆయనే మా పాస్టరని గొంతు చించుకుని అరిచి అరిచి, అదే నిజమనుకున్నాను. ఆయనకైనా తెలియాలి కదా. తెలిసీ చదివారా?

18 ఫిబ్రవరి

సత్యదాసు అయ్యగారి దగ్గరికి పార్సనేజీకి, పాస్టరు ఇంటికి, పోయాను. అమ్మగారు గిన్నెలు అట్టపెట్టెల్లో సర్దుతున్నారు. పండుగకు బూజు దులుపుతున్నారేమో అనుకున్నాను. ఏ పండుగ? నా మొహం.

"చూద్దాం తారామణమ్మా, ప్రార్థన చేద్దాం," అన్నారు అయ్యగారు. నా కళ్ళలోకి చూడలేదు.

20 ఫిబ్రవరి

సత్యదాసు పోయాడు. చచ్చి కాదు, చర్లపల్లికి! బిషప్పు కాళ్ళ దగ్గర కూర్చుని రాజీ పడ్డాడు. అక్కడి గుడి ఇచ్చారట, దాని మీద చుట్టుపక్కల గుళ్ళన్నిటికీ పెద్దగా డిస్ట్రిక్ట్ చైర్మన్ కుర్చీ కూడా ఇచ్చారట. పార్సనేజీ తాళం చెవులు తన చేతులతో రంజిత్‌కు ఇచ్చి, ఇద్దరూ కలిసి టీ తాగారట. ఏరు దాటి తెప్ప తగలేశాడు. ఎండలో మమ్మల్ని రోడ్డు మీద నిలబెట్టి, పోలీసుల మధ్య నిలబెట్టి, నా ఆడబిడ్డతో మాటలు లేకుండా చేసి, నా బిడ్డ పెండ్లి నెత్తి మీదికి తెచ్చి, తాను వెళ్ళి కుర్చీ ఎక్కాడు!

ఫోన్ చేశాను. ఎత్తాడు, అది మాత్రం మెచ్చుకోవాలి.

"సమాధానపడుట మంచిదమ్మా. నువ్వు గూడ తాళం తీసెయ్యి," అన్నాడు.

"మీకోసమే గదయ్యా ఏసిన!"

"నేను ఎయ్యమన్ననా?"

ఫోన్ విసిరికొట్టాను. మంచం మీద పడింది కాబట్టి పగల్లేదు.

సాయంత్రం పద్మశ్రీ వాళ్ళు తమ తాళం తీసేసుకున్నారు. ఇప్పుడు గేటుకు నాదొక్కటే ఉంది. మనవాళ్ళు అనుకున్న వాళ్ళు ఒక్కొక్కరే ఫోన్ చేసి, "ఇగ చాలు టీచర్," అంటున్నారు. ఎవరు పిరికివాళ్ళో ఇలాంటప్పుడే తెలుస్తుంది.

21 ఫిబ్రవరి

తండ్రీ కూతుళ్ళు నాకు చెప్పకుండా బిషప్పు దగ్గరికి పోయి వచ్చారు. బ్యాంకు పని అన్నారు. నేను నమ్మాను. పెండ్లి లైసెన్స్ టీవీ ముందు బల్ల మీద పెట్టి ఇద్దరూ నిలబడ్డారు.

"కాళ్ళు మొక్కిన్రా?" అన్నాను.

"కుర్చీ ఏసి కూసోమన్నడు," అంది ప్రవీణ. "టీ దెప్పిచ్చిండు. అయిదు నిమిషాలల్ల సంతకం వెట్టిండు. మీ అమ్మ ఎట్లున్నది, కౌన్సిల్‌ల మస్తు గట్టిగ మాట్లాడేది అన్నడు."

వెక్కిరింపు! పిల్లకు తెలియలేదు.

"ఏ గుడిల రాయాలె అని అడిగిండు. నాచారం అన్న. గేటుకు తాళముంది గదా అన్నడు. అయినా నాచారం గాని లాలాపేట గాని అని రాసిండు. తాళం సంగతి నేనడగ, మీ అమ్మను నువ్వే అడుగు అన్నడు." పిల్ల వచ్చి నా ముందు కింద కూర్చుంది. "అడుగుతున్న. తియ్యి అమ్మా."

"తీస్త. ఎన్నికైన కమిటీనే నడుస్తదని ఆయన రాసియ్యాలె. గంతే. అది రాసిచ్చిన గడియల తీస్త."

"కమిటీకి, నా పెండ్లికి ఏంది?"

"నీకు తెల్వదు. ఇది సంఘం హక్కు. పదవి కోసం కాదు."

"పదవి అని నేను అన్ననా?" అంది.

మా ఆయన లోపలికి వెళ్ళిపోయారు. అన్నం తినలేదు ఎవరూ. చేసిన పప్పుచారు అలాగే ఉంది.

23 ఫిబ్రవరి, ఆదివారం

హన్మయ్య జాగాకు ఎవరూ రాలేదు. షామియానా వాడు గుంజలు పీక్కుపోయాడు.

మా ఆయన గేటు ముందు రోడ్డు మీద, రంజిత్ వాళ్ళతో కూర్చుని పాడారంట. పాలు పోసే ఆవిడ చెప్పింది. బాగా పాడారట.

25 ఫిబ్రవరి

రంజిత్ ఇంటికి వచ్చాడు. ఒక్కడే. చెప్పులు బయట విడిచి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కూర్చోమనలేదు నేను. మా ఆయన కుర్చీ తెచ్చి వేశారు.

"టీచర్, పెండ్లి నాడు ఒక్క పూట గేటు తియ్యిన్రి. నన్ను ఒప్పుకున్నట్టు గాదు. పెండ్లి అయినంక మళ్ల మీ తాళం మీరే ఏస్కోన్రి. నేను అడ్డం రాను."

"పెండ్లి ఎవరు చేస్తరు?"

"మీరెవర్ని జెప్తే వాళ్ళు. నేను పక్కన గూడ నిలబడ. గేటు అవతల ఉంట."

ఎంత తెలివి! ఒక్కసారి నా చేత్తో తీశానంటే ఇక అయిపోయినట్టే. తారామణి టీచర్ ఓడిపోయిందని పద్మశ్రీ ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ దాకా చాటింపు వేస్తుంది. తర్వాత మళ్ళీ వేస్తే ఎవరు నా వెనక నిలబడతారు?

"కమిటీ సంగతి రాసియ్యుమను మీ బిషప్పును," అన్నాను.

అతను తల ఊపాడు. మా ఆయన వైపు తిరిగి, "వస్త అంకుల్," అన్నాడు. ప్రవీణ వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు.

26 ఫిబ్రవరి

ప్రవీణ ధర్మేందర్‌తో ఫోన్‌లో మాట్లాడింది. పెద్ద గొంతుతో, నాకు వినపడేట్టే. "లాలాపేటలనే పెట్టుకుందాం. ఔ, ఫైనల్. లేదు, అమ్మ ఏం అనలే."

నేను ఏమీ అనలేదు. నిజమే. ఒక్క మాట కూడా అనలేదు.

లేచి, తాళం చెవి దాని చేతిలో పెట్టి, "పోయి తీసుకోవే" అందామని రెండు సార్లు బీరువా దాకా పోయాను. అక్కడ నిలబడితే పద్మశ్రీ మొహం కళ్ళకు కట్టింది. మళ్ళీ వచ్చి కూర్చున్నాను. రేపు పొద్దున్న చూద్దాం అనుకున్నాను. రేపు పొద్దున్నే పెండ్లి.

27 ఫిబ్రవరి, గురువారం

పెండ్లి అయింది.

28 ఫిబ్రవరి

నిన్న రాయబుద్ధి కాలేదు. ఈరోజు రాస్తాను.

నాచారం వాళ్ళు రెండు బస్సుల్లో లాలాపేట వచ్చారు. మా వైపు వాళ్ళు, పద్మశ్రీ వైపు వాళ్ళు, అవే బస్సుల్లో పక్కపక్కన. సందులో రోడ్డు మీద వాళ్ళే కదా కొట్టుకున్నది! ఎప్పుడు కలిశారో నాకు తెలియదు. పద్మశ్రీ నా బిడ్డకు పూలు సర్దింది. మేనత్త కదా, హక్కుంది.

నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టారు. పక్కన చోటు ఉన్నా ఎవరూ కూర్చోలేదు. సత్యదాసు కూడా వచ్చాడు, వాక్యం చదివాడు. ప్రేమ దీర్ఘకాలము సహించును అని. చదివేటప్పుడు నా వైపు చూస్తాడేమో, చూడనీ, నేను కూడా చూస్తాను అని కూర్చున్నాను. చూడలేదు.

లాలాపేట అయ్యగారు, "ఎవరికైనను ఆటంకము తెలిసినయెడల" అని అడిగాడు. పెండ్లిలో కూడా ఒకసారి అడుగుతారు. ఇద్దరు ముగ్గురు నా వైపు తిరిగి చూశారు. నేనేదో లేచి నిలబడతానని! నా బిడ్డ పెండ్లికి నేను ఆటంకమా? సిగ్గుతో చచ్చిపోయాను. ఏడుపు ఆపుకోవడానికి పాటల పుస్తకం అంచు పళ్ళతో కొరికాను.

సాగనంపేటప్పుడు ప్రవీణ మా ఆయన్ని పట్టుకుని భోరుమంది. నన్ను కూడా పట్టుకుంది. కానీ త్వరగా వదిలేసింది.

1 మార్చి

ఇంట్లో ఇద్దరమే. మా ఆయన మాట్లాడుతున్నారు. ఉప్పు తక్కువైంది, నీళ్ళు రాలేదు, అంతవరకు.

2 మార్చి, ఆదివారం

ఎనిమిదింటికి మా ఆయన బైబిలు తీసుకుని రోడ్డు మీద పాటకు బయలుదేరారు. నన్ను రమ్మనలేదు. ఆయన సందు దాటేదాకా ఆగి, తాళం చెవి తీసుకుని వెనకే పోయాను. ఎవరూ అడగలేదు. బిషప్పు ఏమీ రాసివ్వలేదు. ఇక రాసివ్వడు కూడా.

గేటు ముందు చాపలు పరుచుకుని అందరూ ఉన్నారు. నన్ను చూసి పాట ఆపేశారు. రంజిత్ చాప లాగి దారి ఇచ్చాడు. తాళం తీశాను. ఎండకు, దుమ్ముకు కొంచెం మొరాయించింది. గేటు నేను తోయలేదు. పద్మశ్రీ తోసింది. "థ్యాంక్స్ వదినా" అని కూడా అంది. దాని థ్యాంక్సులో మన్ను పొయ్య!

"ముందుగాల మీరు నడువున్రి టీచర్," అన్నాడు రంజిత్.

లోపల బెంచీల నిండా దుమ్ము. పావురాలు పాడుచేసి పెట్టాయి. ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని గబగబా ఊడ్చేశారు. నేను నా చోట కూర్చున్నాను. కూర్చుంటే ఎదురుగా బలిపీఠం కనిపిస్తుంది. అక్కడ నిలబడాలనే కదా ప్రవీణ అడిగింది. ఇంకేమీ అడగనంది. గుడి బార్లా తెరిచి ఉంది, గంట కొట్టారు, అందరూ వచ్చారు, పెండ్లి చేయడానికి ఏ అడ్డూ లేదు. పిల్ల మాత్రం లాలాపేటలో ఉంది.

ప్రార్థనలో రంజిత్ బిషప్పు పేరు చెప్పాడు. అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేదు. దానికి ఎవడి అనుమతీ అక్కర్లేదు నాకు.

ఇంటికి వచ్చి ప్రవీణకు ఫోన్ చేశాను. వాళ్ళూ అప్పుడే గుడి నుంచి వచ్చారట. అత్తగారు కోడి కూర చేస్తోందట. బాగున్నావా అంటే బాగున్న అంది.

"బిడ్డా, గేటు తీసిన ఇయ్యాల," అన్నాను.

ఫోన్ కట్టయిందేమో అనుకుని చెవి నుంచి తీసి చూశాను. కాలేదు.

"మూడు దినాల ముందు తీస్తే నీదేం పోతుండె అమ్మా?" అంది.

కోపంగా అడిగితే నేనూ నాలుగు అనేదాన్ని. మామూలుగా అడిగింది, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. అటువైపు శారదమ్మ వదిన అన్నానికి పిలుస్తోంది. అదే ఫోన్ పెట్టేసింది.

ఏం పోయేదో నాకు తెలుసు. ఇక్కడ రాయను.